ఓడిన అధ్యక్ష అభ్యర్థి మళ్లీ బరిలోకి దిగాలా?

అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఓడిపోయిన అభ్యర్థికి ఆ తర్వాత దక్కే హోదా అంటూ ఏదీ లేదు. ప్రతిపక్ష నాయకుడనే పదవి అక్కడి రాజ్యాంగంలోనే లేదు. పార్టీ పగ్గాలు కూడా ఆయన చేతిలో ఉండవు. అప్పటికే సెనేటరో గవర్నరో అయితే ఆ కుర్చీలోకి తిరిగి వెళ్తారు, కాకపోతే ఇంటికి వెళ్తారు. తెలుగు పాఠకులకు ఇది కాస్త వింతగా తోస్తుంది. 1989లో ఓడిన ఎన్టీ రామారావు ప్రతిపక్షంలో కూర్చుని 1994లో తిరిగి గెలిచారు. 2004, 2009ల్లో వరసగా ఓడిన చంద్రబాబు నాయుడు 2014లో ముఖ్యమంత్రి అయ్యారు, 2019లో మళ్లీ ఓడి 2024లో మళ్లీ అయ్యారు. ఓడిన నాయకుడు ఇంకోసారి నిలబడాలా వద్దా అని ఇక్కడ పెద్దగా ఎవరూ అడగరు. పార్టీ ఆయనది, కాబట్టి పోటీ కూడా ఆయనదే. అమెరికాలో మాత్రం ప్రతి నాలుగేళ్లకూ ఈ ప్రశ్న కొత్తగా పుడుతుంది.

చట్టం దీనికి అడ్డు చెప్పదు. 1951లో అమల్లోకి వచ్చిన 22వ సవరణ రెండుసార్లు అధ్యక్షుడిగా ఎన్నికైనవారిని మూడోసారి ఎన్నిక కానివ్వదు. ఎన్నిసార్లు ఓడినా సరే, ఓడినవారి జోలికి పోదు. తిరుగుబాటులో పాల్గొన్నవారు పదవులకు అనర్హులనే నిబంధన 14వ సవరణలో ఉంది. కానీ దాన్ని చూపించి అధ్యక్ష అభ్యర్థిని బ్యాలెట్ నుంచి తీసేసే అధికారం రాష్ట్రాలకు లేదని సుప్రీంకోర్టు 2024 మార్చిలో తేల్చింది. అంటే ఈ ప్రశ్నకు జవాబు న్యాయస్థానాల్లో దొరకదు. పార్టీ, ఓటర్లు, ఓడిన మనిషి, ఈ ముగ్గురే తేల్చుకోవాలి.

తొలి తరంలో రెండో పోటీని ఎవరూ తప్పుపట్టలేదు. 1796లో జాన్ ఆడమ్స్ చేతిలో 71-68 ఎలక్టోరల్ ఓట్ల (రాష్ట్రాల తరఫున అధ్యక్షుణ్ని ఎన్నుకునే ప్రతినిధుల ఓట్ల) తేడాతో ఓడిన థామస్ జెఫర్సన్, రెండో స్థానంలో నిలిచినవారే ఉపాధ్యక్షులనే నాటి నిబంధన ప్రకారం ఆ పదవిలో కూర్చుని, 1800లో అదే ఆడమ్స్‌ను ఓడించారు. ఆండ్రూ జాక్సన్ కథ ఇంకా ఘాటైనది. 1824లో నలుగురు పోటీపడితే జాక్సన్‌కు 99, జాన్ క్విన్సీ ఆడమ్స్‌కు 84, విలియం క్రాఫర్డ్‌కు 41, హెన్రీ క్లేకు 37 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. గెలవడానికి 131 కావాలి. ఎవరికీ అన్ని రాలేదు గనుక వ్యవహారం ప్రతినిధుల సభకు చేరింది. ఆ సభకు స్పీకర్ క్లే. ఆయన మద్దతుతో ఆడమ్స్ గెలిచారు. కొద్ది రోజులకే క్లేకు విదేశాంగ మంత్రి పదవి దక్కింది. లోపాయికారీ బేరం జరిగిందన్న ఆ ఒక్క ఆరోపణనే జాక్సన్ మనుషులు నాలుగేళ్లు ఊరూరా మోశారు. 1825 అక్టోబరులోనే, అంటే కొత్త అధ్యక్షుడు కుర్చీలో కుదురుకోక ముందే, టెన్నెసీ శాసనసభ జాక్సన్‌ను తర్వాతి ఎన్నికకు అభ్యర్థిగా ప్రతిపాదించింది. 1828లో ఆయన 178-83తో గెలిచారు. తమ నాయకుడికి అన్యాయం జరిగిందని జనం నమ్మితే ఆ ఓటమే రెండో పోటీకి పెట్టుబడి అవుతుందని అప్పుడే రుజువైంది. ఆ నమ్మకం నిజమో కాదో అన్నది వేరే సంగతి.

1836లో ఓడి 1840లో గెలిచిన విలియం హెన్రీ హారిసన్‌కు ఆ గెలుపు అచ్చిరాలేదు. ప్రమాణ స్వీకారం చేసిన నెల రోజులకే కన్నుమూశారు. హెన్రీ క్లే అయితే 1824, 1832, 1844ల్లో మూడుసార్లు నిలబడి మూడుసార్లూ ఓడారు.

అధ్యక్షుడిగా ఉండగా ఓడి, నాలుగేళ్ల తర్వాత తిరిగి వచ్చిన మొదటి వ్యక్తి గ్రోవర్ క్లీవ్‌లాండ్. 1888లో దేశం మొత్తం మీద ఓట్లు ఆయనకే ఎక్కువ వచ్చాయి. కానీ సొంత రాష్ట్రం న్యూయార్క్ స్వల్ప తేడాతో చేజారడంతో, దాని 36 ఎలక్టోరల్ ఓట్లతో పాటు పదవీ పోయింది. శ్వేతసౌధం ఖాళీ చేసే రోజున ఆయన భార్య అక్కడి సిబ్బందితో, సామాన్లు జాగ్రత్తగా ఉంచండి, నాలుగేళ్లలో తిరిగి వస్తామని చెప్పి వెళ్లారని చెప్పుకుంటారు. ఆ మాట నిజం కావడానికి క్లీవ్‌లాండ్ పెద్దగా మారాల్సిన పని పడలేదు. ప్రత్యర్థులే ఆ పని చేసిపెట్టారు. 1890లో రిపబ్లికన్లు దిగుమతి సుంకాలు భారీగా పెంచారు. ధరలు పెరుగుతాయన్న భయంతో జనం అదే ఏడాది మధ్యంతర ఎన్నికల్లో వాళ్లను చిత్తుగా ఓడించారు. సుంకాలు తగ్గించాలని 1888లో క్లీవ్‌లాండ్ చెప్పిన మాటే 1892లో జనం మాట అయింది.

ఇదే తర్కాన్ని తిరగేసి చూపించిన మనిషి విలియం జెన్నింగ్స్ బ్రయాన్. 1896లో డెమొక్రాటిక్ పార్టీ ఆయన్ను నిలబెట్టేనాటికి వయసు 36. ఒక్క ప్రసంగంతో మహాసభను ఊపేసి టికెట్ తెచ్చుకున్న వక్త. బంగారంతో పాటు వెండిని కూడా అపరిమితంగా నాణేలుగా ముద్రిస్తే చలామణిలో డబ్బు పెరిగి, అప్పుల్లో కూరుకున్న రైతులు తేరుకుంటారన్నది ఆయన వాదం. దక్షిణాది, పశ్చిమ రాష్ట్రాల రైతులు ఆయన వెంట నడిచారు. అయినా రిపబ్లికన్ ప్రత్యర్థి మెకిన్లీ 271, బ్రయాన్ 176. నాలుగేళ్లు గడిచేసరికి కొత్త గనుల నుంచి బంగారం దండిగా వచ్చి డబ్బు కొరత దానంతటదే సడలింది, పంటల ధరలు కోలుకున్నాయి. వెండి ఊసు పక్కన పెడదామని పార్టీలో చాలామంది బతిమాలినా బ్రయాన్ వినలేదు. 1900లో 155 ఎలక్టోరల్ ఓట్లకు పడిపోయారు. సొంత రాష్ట్రం నెబ్రాస్కా కూడా చేజారింది. 1904లో పార్టీ వేరే అభ్యర్థిని పెట్టి ఇంకా ఘోరంగా దెబ్బతింది. అందుకే 1908లో మళ్లీ బ్రయాన్ గుమ్మం తొక్కింది, మళ్లీ ఓడింది. ఆయన ఓట్ల శాతం చూస్తే ప్రతిసారీ కిందికే: దాదాపు 47, ఆ తర్వాత 45.5, చివరికి 43. అయినా ఆ మూడు పోటీలూ వృథా అనడం అన్యాయం. ఆదాయపు పన్ను, సెనేటర్లను ప్రజలే నేరుగా ఎన్నుకోవడం వంటి ఆయన డిమాండ్లు 1913లో రాజ్యాంగ సవరణలై కూర్చున్నాయి. అదే ఏడాది ఆయన విల్సన్ ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి అయ్యారు.

20వ శతాబ్దం మధ్యలో రెండు పార్టీలూ ఒకసారి ఓడినవారికే రెండోసారి టికెట్ ఇచ్చి చేతులు కాల్చుకున్నాయి. 1944లో రూజ్‌వెల్ట్ చేతిలో ఓడిన థామస్ డ్యూయీ 1948లో ట్రూమన్ మీద గెలిచినట్టేనని పత్రికలన్నీ లెక్కలు కట్టాయి. ఒక షికాగో పత్రిక అయితే ఆయన గెలిచారని పతాక శీర్షికే పెట్టేసింది. గెలిచిన ట్రూమన్ ఆ పత్రికను ఎత్తి చూపిస్తూ నవ్వారు. 1952లో ఐసెన్‌హోవర్ మీద 89 ఎలక్టోరల్ ఓట్లు తెచ్చుకున్న అడ్లై స్టీవెన్సన్, 1956లో అదే ఐసెన్‌హోవర్ మీద 73కి దిగారు. దేశం శాంతిగా, సుభిక్షంగా ఉన్నప్పుడు అదే ప్రత్యర్థి మీదికి అదే అభ్యర్థిని పంపితే ఫలితం మారుతుందని పార్టీ ఎందుకు అనుకుందో అర్థం కాదు.

రిచర్డ్ నిక్సన్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఈ ప్రశ్నకు ఉన్న ముఖాలన్నీ ఆ ఒక్క జీవితంలోనే కనిపిస్తాయి. 1960లో దాదాపు 6.9 కోట్ల ఓట్లు పోలైతే కెన్నెడీకీ ఆయనకూ తేడా 1.2 లక్షల లోపే. రెండేళ్లకు సొంత రాష్ట్రం కాలిఫోర్నియాలో గవర్నర్ పదవికి నిలబడ్డారు. ఢిల్లీ పీఠం కోసం కొట్లాడినవాడు రాష్ట్ర రాజధానిని మెట్టులా వాడుకోవాలని వస్తే ఓటరు ఎలా చూస్తాడో కాలిఫోర్నియా ఓటరూ అలాగే చూశాడు: ఈయనకు మా రాష్ట్రం మీద కాదు, శ్వేతసౌధం మీద కన్ను. దాదాపు 3 లక్షల ఓట్ల తేడాతో ఓడించాడు. మర్నాడు పొద్దున, నవంబరు 7న, బెవర్లీ హిల్స్‌లోని ఒక హోటల్లో నిద్రలేని ముఖంతో విలేకరుల ముందుకొచ్చిన నిక్సన్ వాళ్ల మీదే విరుచుకుపడ్డారు. ఇక మీకు తిట్టుకోవడానికి నేనుండను, ఇదే నా చివరి సమావేశం అన్న ధోరణిలో మాట్లాడి వెళ్లిపోయారు. నాలుగు రోజులకు ఒక టీవీ ఛానల్ ఆయన రాజకీయ జీవితానికి ఏకంగా సంతాప కార్యక్రమమే ప్రసారం చేసింది.

ఆ తర్వాత ఆయన చేసిన పని గమనించదగ్గది. న్యూయార్క్ వెళ్లి న్యాయవాద వృత్తిలో చేరారు. 1964లో టికెట్ జోలికి పోకుండా పార్టీ అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్ కోసం ఊళ్లు తిరిగారు. గోల్డ్‌వాటర్ ఆరు రాష్ట్రాలు మాత్రమే గెలిచి చతికిలపడ్డాక, 1966 మధ్యంతర ఎన్నికల్లో మళ్లీ జిల్లా జిల్లాకూ వెళ్లి ఇతరుల తరఫున ప్రచారం చేశారు. ప్రతినిధుల సభలో రిపబ్లికన్లకు 47 స్థానాలు పెరిగాయి. గెలిచినవాళ్లంతా ఆయనకు రుణపడ్డారు. 1968 వచ్చేసరికి వియత్నాం యుద్ధం, నగరాల్లో అల్లర్లు, మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెన్నెడీల హత్యలు, డెమొక్రాటిక్ పార్టీలో చీలిక. ఓటర్లలో 43.4 శాతం మాత్రమే మొగ్గినా నిక్సన్‌కు 301 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. ఎనిమిదేళ్లలో మనిషి మారాడా, కాలం మారిందా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. తర్వాతి కాలంలో బయటపడిన అనుమానం, పగ చూస్తే కాలమే ఎక్కువ మారిందనిపిస్తుంది.

1968లోనే ఇంకో మార్పుకు బీజం పడింది. ఆ ఏడాది హ్యూబర్ట్ హంఫ్రీ, పార్టీ ఓటర్లు అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీల్లో ఒక్కదానిలో కూడా పోటీ చేయకుండా, పార్టీ పెద్దల మద్దతుతో డెమొక్రాటిక్ టికెట్ తెచ్చుకున్నారు. దాని మీద రేగిన కోపం చల్లార్చడానికి పార్టీ నిబంధనలు మార్చింది. 1972 నుంచి అభ్యర్థిని తేల్చేది రాష్ట్రాల వారీగా జరిగే ప్రైమరీలే. ఈ మార్పు ఓడినవారి దారి మూసేసింది. అంతకుముందు మహాసభలో నలుగురు పెద్దలు కూర్చుని, తెలిసిన ముఖమే నయమని ఓడినవారికే టికెట్ కట్టబెట్టగలిగేవారు. ప్రైమరీ ఓటరుకు ఆ మొహమాటం లేదు. కొత్త ముఖం కనిపిస్తే అటు వెళ్తాడు. విరాళాలు ఇచ్చేవారూ ఓడిన గుర్రం మీద పందెం కాయరు. హంఫ్రీ 1972లో ప్రయత్నించి టికెట్ దక్కించుకోలేకపోయారు. 1972లో 49 రాష్ట్రాల్లో ఓడిన జార్జ్ మెక్‌గవర్న్ 1984లో ప్రయత్నించినా అంతే. 2000లో దేశవ్యాప్తంగా 5 లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు వచ్చినా ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో పదవి పోగొట్టుకున్న ఆల్ గోర్‌కు జాక్సన్ లాగా అన్యాయం జరిగిందన్న నినాదం చేతిలోనే ఉంది. అయినా 2002 డిసెంబరులో తానే తప్పుకున్నారు. వాతావరణ మార్పుల మీద చేసిన కృషికి 2007లో నోబెల్ శాంతి బహుమతిలో వాటా అందుకున్నారు. జాన్ కెరీ, మిట్ రామ్నీ, హిల్లరీ క్లింటన్ ఎవరూ రెండోసారి పార్టీ అభ్యర్థి కాలేదు.

నిక్సన్ తర్వాత ఆ గోడ దాటింది డొనాల్డ్ ట్రంప్ ఒక్కరే. 2020లో 306-232తో ఓడినా, తాను ఓడలేదనే వాదాన్ని ఆయన వదల్లేదు. కోర్టులు ఆ వాదాన్ని వరసగా కొట్టేశాయి. పార్టీ ఓటర్లలో అత్యధికులు మాత్రం నమ్మారు. పార్టీని తన చెప్పుచేతల్లో ఉంచుకోవడంలో ఆయన పద్ధతి అమెరికా కన్నా మన ప్రాంతీయ పార్టీల పద్ధతికే దగ్గరగా ఉంటుంది. ధరల పెరుగుదల మీద జనాగ్రహం తోడై 2024లో 312-226తో గెలిచారు. అయితే దీన్ని చూసి ఓడిన ప్రతివారూ మళ్లీ నిలబడవచ్చని అనుకోవడం పొరపాటు. దేశ వ్యవస్థల మీదే అపనమ్మకం నాటి తెచ్చుకున్న రెండో అవకాశానికి దేశం చెల్లించిన మూల్యం 2021 జనవరి 6న పార్లమెంటు భవనం మీద జరిగిన దాడిలో కనిపించింది.

మళ్లీ పోటీ అనగానే అధ్యక్ష పదవే గుర్తొస్తుంది గానీ, అసలు మేలు ఎక్కువగా జరిగింది అంతకన్నా చిన్న పదవుల్లో. 1828లో జాక్సన్ చేతిలో ఓడిన జాన్ క్విన్సీ ఆడమ్స్ రెండేళ్లకు సొంతూరి నుంచి ప్రతినిధుల సభకు పోటీ చేశారు. దేశాధ్యక్షుడిగా చేసిన మనిషి మామూలు సభ్యుడిగా కూర్చోవడం చిన్నతనం కాదా అంటే, ప్రజలు పంపితే ఏ పదవైనా చిన్నది కాదన్నది ఆయన సమాధానం. బానిసత్వానికి వ్యతిరేకంగా వచ్చే వినతిపత్రాలను చర్చకు రానివ్వకుండా 1836లో సభ ఒక నిబంధన పెట్టింది. ఆడమ్స్ ఎనిమిదేళ్లు దాని మీదే కొట్లాడారు. రోజూ లేచి వినతిపత్రం చదవబోవడం, సభ్యులు గోల చేసి కూర్చోబెట్టడం, మర్నాడు ఇంకో వినతిపత్రంతో మళ్లీ లేవడం. చివరికి 1844లో ఆ నిబంధనను ఎత్తేయించారు. 1848 ఫిబ్రవరిలో సభలో తన కుర్చీలోనే కుప్పకూలి, రెండు రోజులకు ఆ భవనంలోనే చనిపోయారు. అధ్యక్షుడిగా ఆయన్ను గుర్తుపెట్టుకునేవారు తక్కువ, సభ్యుడిగా గుర్తుపెట్టుకునేవారే ఎక్కువ.

గోల్డ్‌వాటర్ 1964లో అధ్యక్ష పోటీ కోసం సెనేట్ సీటు వదులుకుని రెండూ పోగొట్టుకున్నారు. 1968లో సెనేట్‌కు తిరిగి వచ్చారు. వాటర్‌గేట్ కుంభకోణం ముదిరాక 1974 ఆగస్టు 7న శ్వేతసౌధానికి వెళ్లి, నీకు సెనేట్‌లో మద్దతు మిగల్లేదని నిక్సన్ ముఖం మీద చెప్పిన ముగ్గురు రిపబ్లికన్ నేతల్లో ఆయన ఒకరు. మర్నాడే నిక్సన్ రాజీనామా ప్రకటించారు. 2018లో యూటా నుంచి సెనేటర్ అయిన రామ్నీ, 2020 అభిశంసన విచారణలో సొంత పార్టీ అధ్యక్షుడు దోషి అని ఓటు వేసిన మొదటి సెనేటర్‌గా నిలిచారు. అధ్యక్షుడు కావాలన్న ఆశ వదిలేసిన మనిషికి ఇంత స్వేచ్ఛ దక్కుతుంది. అందరికీ ఇలా కలిసిరాలేదు. 1984లో మిన్నెసోటా తప్ప అన్ని రాష్ట్రాల్లో ఓడిన వాల్టర్ మాండేల్, 2002లో సెనేటర్ పాల్ వెల్‌స్టోన్ విమాన ప్రమాదంలో మరణించడంతో పార్టీ అడిగిందని పది రోజుల్లోపే ఎన్నికకు సిద్ధమై మిన్నెసోటాలోనూ ఓడారు. 74 ఏళ్ల వయసులో 50 రాష్ట్రాలూ పూర్తయ్యాయి.

భారత్‌లో రాష్ట్రపతిని ఎన్నుకునేది ఎంపీలు, ఎమ్మెల్యేలు. అందువల్ల ఓటమి ప్రజల తీర్పు అనిపించుకోదు, పార్టీల కొట్లాట ఫలితం అనిపించుకుంటుంది. 1967లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షాల తరఫున నిలబడ్డ కోకా సుబ్బారావు జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడి మళ్లీ ఆ దారి తొక్కలేదు. 1969లో లోక్‌సభ స్పీకర్ పదవి వదిలి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా నిలిచిన నీలం సంజీవరెడ్డి, ఇందిరా గాంధీ అంతరాత్మ ప్రబోధం పేరిట వీవీ గిరి వైపు మొగ్గడంతో 14,650 ఓట్ల విలువ తేడాతో ఓడారు. గెలిచినాయనా తెలుగువారే, ఓడినాయనా తెలుగువారే. రెడ్డి అనంతపురం వెళ్లి వ్యవసాయం చూసుకున్నారు. 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు పోగా, నంద్యాలలో జనతా పార్టీ అభ్యర్థిగా ఆయన ఒక్కరే గెలిచారు. మళ్లీ స్పీకర్ అయ్యారు, మళ్లీ ఆ పదవి వదిలారు, ఈసారి పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఎనిమిదేళ్లలో ఆయన మారలేదు, ఢిల్లీ మారింది.

నాయకుడే పార్టీగా నడిచే దేశాల్లో పట్టువదలని అభ్యర్థులు ఎక్కువ. ఫ్రాన్స్‌లో మిత్తెరాఁ, షిరాక్ ఇద్దరూ రెండేసిసార్లు ఓడాకే గెలిచారు. బ్రెజిల్‌లో లూలా 1989, 1994, 1998ల్లో ఓడి, వ్యాపారవర్గాలకు భరోసా ఇస్తూ స్వరం మార్చాకే 2002లో గెలిచారు. కెన్యాలో రైలా ఒడింగా ఐదుసార్లు నిలబడి ఐదుసార్లూ ఓడారు. ఇటీవలి దక్షిణ కొరియా ఉదంతం ఇంకా ఆసక్తికరం. 2022 మార్చిలో ఒక శాతం కన్నా తక్కువ తేడాతో ఓడిన లీ జే మ్యుంగ్, మూడు నెలలకే ఉప ఎన్నికలో పార్లమెంటు సభ్యుడయ్యారు. కేసుల నుంచి రక్షణ కోసమే ఈ తొందర అని విమర్శకులు ఎద్దేవా చేశారు. 2024 డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సైనిక చట్టం విధించినప్పుడు, ప్రహరీ గోడ ఎక్కి పార్లమెంటులోకి దూకుతూ ఆ దృశ్యాన్ని ఫోన్‌లో ప్రత్యక్ష ప్రసారం చేసిన సభ్యుడు ఆయనే. సైనిక చట్టాన్ని రద్దు చేసిన ఓటింగ్‌లో ఆ సీటు పనికొచ్చింది. 2025 జూన్‌లో అధ్యక్షుడయ్యారు.

అమెరికాలో ఇప్పుడు ఈ ప్రశ్న 2024లో ట్రంప్ చేతిలో ఓడిన కమలా హారిస్ ముందు ఉంది. కాలిఫోర్నియా గవర్నర్ పదవికి 2026లో నిలబడతారని చాలామంది అనుకున్నా, 2025 జులై 30న ఆమె లేదని ప్రకటించారు. 1962 నాటి నిక్సన్ అనుభవం తెలిసినవారు ఆ నిర్ణయాన్ని తప్పుపట్టరు. అధ్యక్ష పదవికి మళ్లీ పోటీ చేయబోనని మాత్రం ఆమె చెప్పలేదు. ఆమె ఓటమి మరీ ఘోరమైనదేం కాదు, దేశవ్యాప్తంగా తేడా ఒకటిన్నర శాతమే. కానీ కీలకమైన ఏడు రాష్ట్రాలూ పోయాయి. అంతకన్నా పెద్ద లోటు మరొకటి ఉంది. 2020 టికెట్ కోసం బరిలోకి దిగినా తొలి ఓటు పడకముందే, 2019 డిసెంబరులో, తప్పుకున్నారు. 2024 జులైలో బైడెన్ వైదొలగడంతో, ప్రైమరీల్లో తలపడకుండానే అభ్యర్థి అయ్యారు. హంఫ్రీ తర్వాత అలా టికెట్ పొందింది ఆమే. కాబట్టి 2028లో ఆమె దిగితే అభ్యంతరం చెప్పడానికి ఏమీ లేదు, పేరు చూసి మిగతావారు తప్పుకుంటేనే పార్టీకి నష్టం. సొంత పార్టీ ఓటర్ల ముందు ఆమె ఇప్పటిదాకా ఒక్క అధ్యక్ష ప్రైమరీ కూడా గెలవలేదు.